ఇన్సాఫ్ పేరిట రాసిన ఉత్తరం

ఫిబ్రవరి 2, 1976. సోమవారం

ఈ రోజు రెండు ఫోటోలు వచ్చాయి. ఒకటి ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌ది, ఇంకొకటి రేడియోలో హాస్య నాటికలు వేసే ముసలాయనది. గోల్‌కీపర్ ఫోటో మీద సంతకం అచ్చు వేసింది. వేలు తడి చేసి రుద్దితే సిరా కదల్లేదు. ముసలాయనది మాత్రం అసలు సంతకం. "సుయెజ్‌లో కాలు పోగొట్టుకున్న వీరుడు, మీ తమ్ముడికి నా సలాములు" అని పక్కన సొంత చేత్తో రాశాడు కూడా.

నాకు తమ్ముడు లేడు.

మొదటి రెండేళ్ళు ఉన్నదున్నట్టే రాశాను. నా పేరు రౌహియా, మన్సూరా కోర్టులో టైపిస్టుని, మీ అభిమానిని, దయచేసి సంతకం చేసిన ఫోటో పంపగలరు. తిరుగు కవరు, దాని మీద స్టాంపు. నలభై ఉత్తరాలకు మూడు జవాబులు. యుద్ధం అయిన ఏడాది ఒకసారి తమ్ముడి కాలు గురించి రాశాను. తొమ్మిదో రోజున జవాబు వచ్చింది. ఆ తర్వాత వాడిని రెండు కాళ్ళతో ఎప్పుడూ పుట్టించలేదు. మధ్యలో పక్షవాతం వచ్చిన తల్లి, గుండెకు చిల్లు ఉన్న కొడుకు కూడా ఉన్నారు. ఎవరికి ఏం రాశానో మర్చిపోకుండా ప్రతి ఉత్తరానికీ కార్బన్ నకలు తీసి పెట్టుకుంటాను. ఉద్యోగం నేర్పిన అలవాటు.

ఎవరికీ నష్టం లేదు. ఒక ఫోటో. వాళ్ళ దగ్గర కట్టలు కట్టలుంటాయి.

మా చెల్లెలు ఇన్సాఫ్ ఆల్బం చూసి, "ఈ వారం ఎంతమంది పెళ్ళికొడుకులొచ్చారక్కా?" అంది.

"ఇద్దరు. ఒకడు ముసలాడు" అన్నాను.

"నీకు సరిపోతాడు. ఉంచుకో."

ఎంత నవ్వుకున్నామో. ఆ పక్కనున్న రాత మాత్రం చేత్తో కప్పేశాను.

ఫిబ్రవరి 9

సినిమా తార బహీగా నుస్రత్ ఇంతవరకూ ఎవరికీ జవాబివ్వలేదట. సినిమా పత్రికలోనే రాశారు. నేను మూడేళ్ళుగా రాస్తున్నాను. కాలు, గుండె, పక్షవాతం, ఏదీ ఆవిడను కదిలించలేదు. ఆల్బంలో మొదటి పేజీ ఆవిడ కోసమే ఖాళీగా ఉంచాను.

ఇవాళ కోర్టులో పని లేదు. కూర్చుని రాశాను. ఉన్న మనిషి గురించి రాస్తే చెయ్యి దానంతటదే కదులుతుందని ఇవాళే తెలిసింది. ఇన్సాఫ్ చిన్నప్పుడు జడ వేసుకుంటూ బహీగా నుస్రత్ పాటలు పాడేది. నిజం. ఆడపిల్లల బడిలో లెక్కలు చెబుతుంది. నిజం. నవంబరులో కడుపు ఆపరేషన్ అయింది, అప్పటినుంచి చిక్కిపోయింది. అదీ నిజమే. పిత్తాశయంలో రాళ్ళు తీశారని రాయలేదు. డాక్టర్లు తెరిచి చూసి మూసేశారని రాశాను. వేసవి దాటదన్నారని, ఆ సంగతి తెలిసి కూడా తను పిల్లల లెక్కల పుస్తకాలు దిద్దుతూనే ఉందని రాశాను.

రాస్తూ ఏడ్చాను. అంత బాగా వచ్చింది.

చావుబతుకుల్లో ఉన్న మనిషికి కోర్టు చిరునామా ఏం బాగుంటుంది? ఇంటిదే ఇచ్చాను, జవాబు తన పేరే పంపమన్నాను. పోస్ట్‌మ్యాన్ బయూమీ బాబాయ్‌కి చెప్పాను, కైరో నుంచి ఇన్సాఫ్ పేర ఏమొచ్చినా నా చేతికే ఇమ్మని.

ఫిబ్రవరి 10

పోస్టు చేశాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

ఇన్సాఫ్‌ను చేసుకోబోయే ఫిక్రీ వచ్చాడు, దమియట్టా నుంచి. ఎప్పటిలా మిఠాయి పెట్టె, ఎప్పటిలా గోళ్ళలో వార్నిష్. పెళ్ళికూతుళ్ళ మంచాలకు పువ్వులు చెక్కే మేస్త్రీ. మొదటి భార్యను ఆరేళ్ళ క్రితం జబ్బులో పోగొట్టుకున్నాడు. రెండేళ్ళు మంచం మీదే ఉందట ఆవిడ. తనే చూసుకున్నాడు.

ఇప్పుడు తన సొంత మంచానికి చెక్కుతున్నాడు. కాగితం మీద గీసిన బొమ్మ ఇన్సాఫ్‌కు చూపించి, "దానిమ్మ కాయలా, ద్రాక్ష గుత్తులా?" అని అడిగాడు. ఆవిడగారు ముప్పై నాలుగేళ్ళ వయసులో పదహారేళ్ళ పిల్లలా సిగ్గుపడి, "లెక్కపెట్టడానికి వీలుగా ద్రాక్ష" అంది. పెళ్ళి షమ్-ఎన్-నసీం వసంత పండుగ అయ్యాక వచ్చే గురువారం.

వెళ్తూ వెళ్తూ, "రౌహియా అక్కా, మీరు కూడా మాతో వచ్చేయండి. మేడ మీద గది ఖాళీయే" అన్నాడు.

మర్యాదకు అన్నాడు. అలాంటివి అందరూ అంటారు.

అమ్మ పోయి రెండేళ్ళు. ఈ ఇంట్లో మేమిద్దరమే. ఇన్సాఫ్ బాగుండాలి, నాకు అంతకంటే ఏం కావాలి. నిజంగానే.

మార్చి 3

ఇన్సాఫ్ ఇవాళ తొందరగా పడుకుంది. తలనొప్పి అంది. అన్నం ముట్టలేదు.

మార్చి 5, శుక్రవారం

కొత్త ఉన్ని కోటును కింది వాటాలో ఉండే ఉమ్మ్ షహాతాకు ఇచ్చేసింది. పెళ్ళికని కుట్టించుకున్న కోటు! ఉమ్మ్ షహాతా దాన్ని తొడుక్కుని మెట్ల మీద నిలబడి, "చూశావా రౌహియా, నీ చెల్లెలికి నేనంటే ఎంత ప్రేమో. నువ్వు ఏనాడైనా ఒక ఉల్లిపాయ ఇచ్చావా?" అంది.

ఎందుకిచ్చావని అడిగితే, "ఎండాకాలం వస్తోంది కదక్కా" అంది.

మార్చి 6

ఫిక్రీ తొడిగిన ఉంగరం తిరిగి పంపేసింది.

నాకు చెప్పలేదు. బడిలో దమియట్టా అమ్మాయి ఒకతె ఉంటే, ఉంగరం, రెండు వాక్యాల చీటీ ఆమె చేతికిచ్చి పంపింది. సాయంత్రం బఠాణీలు వలుస్తూ మామూలుగా చెప్పింది.

"ఏమైంది? ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు. ఆయన మంచివాడు."

"మరి?"

"మనసు మారింది. నీతోనే ఉంటాను. ఉండనివ్వవా ఏంటి?"

అలా అంటూ నా భుజం మీద తల పెట్టింది. చిన్నప్పటి తర్వాత మళ్ళీ ఇప్పుడే.

నాకు చాలా బాధగా ఉంది. అన్నీ ఆలోచించే చేసి ఉంటుంది, చిన్నపిల్ల కాదు. రాత్రికి పాలన్నం వండాను. ఎందుకు వండానో తెలియదు. పాలు మిగిలాయి, అందుకే.

మార్చి 8

సంతోషించలేదు. నిన్నటి నుంచీ అదే అనుకుంటున్నాను, సంతోషించలేదని.

కోర్టు నుంచి వస్తుంటే వీధి చివర బయూమీ బాబాయ్ సైకిలు ఆపాడు. "అమ్మాయ్, కైరో ఉత్తరం అందిందిగా? పోయిన బుధవారం. నీకే ఇద్దామనుకున్నాను, మీ చెల్లెలు గుమ్మంలోనే ఎదురైంది. పేరు తనదేనాయె. చెయ్యి చాపితే ఎలా ఇవ్వను?"

ఇన్సాఫ్ ఇంకా బడి నుంచి రాలేదు. తన బల్ల సొరుగులో, హాజరు పట్టీ కింద దొరికింది. నీలం కవరు.

ఇక్కడ అబద్ధం రాయకూడదు. ఇది ఎవరూ చదవరు. ముందు ఉత్తరం చదవలేదు నేను. ముందు ఫోటో చూశాను. బహీగా నుస్రత్, తెల్ల గౌను, మెట్ల మీద. అడ్డంగా సంతకం. వేలు నాలుకకు అద్దుకుని చివరి అక్షరం మీద రుద్దాను. సిరా మసకేసింది. అసలు సంతకం. నా గుండె ఎగిరిపడింది. ఆ తర్వాతే ఉత్తరం మడత విప్పాను.

మూడు పేజీలు. సొంత చేతిరాత. ఇక్కడ ఎక్కిస్తున్నాను, కొంత:

"ప్రియమైన ఇన్సాఫ్, నేను ఉత్తరాలకు జవాబు రాయను. నీకు రాయకుండా ఉండలేకపోయాను. నీకు వేసవి దాకానే గడువని డాక్టర్లు చెప్పారని, అది తెలిసీ నువ్వు పిల్లల పుస్తకాలు దిద్దుతున్నావని మీ అక్క రాసింది. నా చెల్లెలు కూడా ఇలాగే పోయింది. నేను షూటింగ్‌లో ఉన్నాను. రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూ ఆలస్యం చేశాను. అందుకే మీ అక్క ఉత్తరం అందిన రోజే రాస్తున్నాను. మీ అక్కను ఓదార్చు. మిగిలిపోయేవాళ్ళ సంగతి నాకు తెలుసు..."

అంటే ఈ అయిదు రోజులూ ఇన్సాఫ్ తను చచ్చిపోతున్నాననే అనుకుంటోంది. డాక్టరు నాకు చెప్పాడని, నేను తన దగ్గర దాచి, తట్టుకోలేక ఎవరో సినిమా ఆవిడకు రాసుకున్నానని అనుకుంటోంది. నన్ను ఓదారుస్తోంది.

అందుకే కోటు. అందుకే ఉంగరం. ఒక భార్యను పాతిపెట్టిన మనిషి చేత ఇంకోసారి ఆ పని చేయించలేక.

అన్నీ ఎలా ఉన్నవి అలా పెట్టేశాను. తను రాగానే చెప్పేస్తాను.

మార్చి 9

తను వచ్చేసరికి ఉమ్మ్ షహాతా కూర్చుని ఉంది. రేపు.

మార్చి 10

జలుబు. గొంతు పెగల్లేదు.

మార్చి 11

రేపు శుక్రవారం. తీరిగ్గా ఉంటుంది. ఒక్కసారిగా చెబితే తట్టుకోలేదు. పద్ధతిగా చెప్పాలి.

మార్చి 13, శనివారం. మౌలిద్, ప్రవక్త పుట్టినరోజు

నిన్న చెప్పలేదు.

ఇవాళ ఇన్సాఫ్ బజారు నుంచి, పండక్కి ఆడపిల్లలకు కొనిపెట్టే చక్కెర బొమ్మ తెచ్చింది. గులాబీ రంగు కాగితపు గౌను, వెనక మూడు విసనకర్రలు. నాకు నలభై మూడేళ్ళు. "నీకెప్పుడూ ఎవరూ కొనిపెట్టలేదు కదక్కా. నాన్న నాకే తెచ్చేవాడు. నువ్వు పెద్దదానివని నీకు తెచ్చేవాడు కాదు" అంది.

తర్వాత, "నువ్వు ఒంటరిగా ఉంటే అన్నం వండుకోవు. ఉమ్మ్ షహాతాతో చెప్పాను, రోజూ ఒకసారి పైకి వచ్చి చూడమని" అంది.

"నువ్వెక్కడికి పోతున్నావ్?" అన్నాను. ఆ మాట అనగలిగాను నేను. తెలిసి.

"ఎక్కడికీ లేదు. ఊరికే."

నోరు తెరిచాను. చక్కెర ముక్క పెట్టింది నోట్లో.

ఎందుకు చెప్పలేకపోతున్నానో తెలుసు, ఇక్కడైనా రాయాలి. చెబితే నన్ను చూసే చూపు మారిపోతుంది. చెబితే దమియట్టా వెళ్ళిపోతుంది. రెండూ.

మార్చి 16

మధ్యాహ్నం బడి నుంచి ఇన్సాఫ్ ఇంటికి రాలేదు. సాయంత్రం వచ్చింది, చెప్పుల నిండా దుమ్ము. శ్మశానానికి వెళ్ళిందట. అమ్మ సమాధి దగ్గర చెట్టుకు నీళ్ళు పోయడానికని అంది. చెంబు ఇంట్లోనే ఉంది.

మొహం కడుక్కుని వచ్చి, తలుపు దగ్గరే నిలబడి, "అక్కా, అమ్మ పక్కన ఒకరికి చోటుందట. కాపలా ఆయన్ని అడిగాను. నువ్వు తర్వాత పరుగులు పెట్టక్కర్లేకుండా" అంది.

అప్పుడు చెప్పాను.

కూర్చోబెట్టలేదు, పద్ధతిగా చెప్పలేదు. "అంతా నేను రాసిన అబద్ధం. నీకేం లేదు. రాళ్ళు తీశారు, అంతే. ఫోటో కోసం రాశాను" అని అరిచాను.

ఇన్సాఫ్ దగ్గరకు వచ్చి నా కన్నీళ్ళు తుడిచింది. "నాకు తెలుసక్కా నువ్వు ఇలాగే అంటావని. అమ్మకు కూడా ఇలాగే చెప్పావు. 'నీకేం లేదమ్మా' అని. చివరి రోజు దాకా చెప్పావు."

నమ్మలేదు.

ఒట్టు పెట్టాను. ఖురాన్ మీద చెయ్యి వేశాను. "జబ్బు మనిషి కోసం అబద్ధపు ఒట్టు పెడితే దేవుడు క్షమిస్తాడులే" అంది, చిన్నపిల్లకు చెప్పినట్టు.

అప్పుడు బీరువా పైనుంచి పెట్టె దించాను. కార్బన్ నకళ్ళు. అయిదేళ్ళవి. తన ముందు పోశాను. తను తీయలేదు. నేనే తీసి చదివాను, పైకి. తమ్ముడి కాలు. అదే తమ్ముడి కాలు, ఇంకో నటుడికి, ఈసారి సినాయ్‌లో. పక్షవాతం వచ్చిన తల్లి. ఆ ఉత్తరం తేదీ చూసి ఇన్సాఫ్, "అది అమ్మ పోయిన నెల" అంది. నిజమే. గమనించలేదు నేను. గుండెకు చిల్లున్న కొడుకు, వాడి పేరు హానీ. ఆపమంటుందేమో అనుకున్నాను. అనలేదు. ఇరవయ్యో, ముప్పయ్యో చదివాను. గొంతు పోయింది. చివర తనది.

అది మాత్రం నా చేతిలోంచి లాక్కుని తనే చదువుకుంది. చదివి మడిచింది.

"నాకు వేసవి దాకా ఇచ్చావు" అంది.

చెల్లాచెదురైన నకళ్ళు పోగేయబోయాను.

"ఎందుకు వేసవి? చలికాలం దాకా ఇస్తే ఆవిడ ఫోటో పంపదనుకున్నావా?"

"ఇన్సాఫ్..."

"ఉత్తరం వచ్చిందని నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పవచ్చు, ఇవాళే అనవచ్చు. "ఎనిమిదో తారీఖున" అన్నాను.

వేళ్ళ మీద లెక్కపెట్టింది. లెక్కల టీచరు. ఎనిమిది రోజులు.

వంటింట్లోకి వెళ్ళింది. వెళ్ళి చూస్తే నిలబడే నాలుగు గుడ్లు వేయించుకుని, రొట్టె చింపుకుని తింటోంది. ఏడుస్తూ తింటోంది. పదమూడు రోజుల ఆకలి. ఉప్పు అందించబోయాను. చెయ్యి వెనక్కి లాక్కుంది.

మార్చి 17

ఇన్సాఫ్ ఒక్కతే ఆసుపత్రికి వెళ్ళింది. ఆపరేషన్ చేసిన డాక్టరు చూసి, లావెక్కమన్నాడట. ఉమ్మ్ షహాతాకు చెబుతుంటే మెట్ల మీదుగా వినబడింది. నాతో చెప్పలేదు.

మార్చి 18

మాట్లాడింది. "రేపు దమియట్టా వెళ్ళి ఆయనకు నువ్వే చెప్పు. మొత్తం. నేను చెప్పను. నా నోటితో నిన్ను తక్కువ చేసి చెప్పలేను" అంది.

మార్చి 19, శుక్రవారం

పొద్దుటి రైలు. దారి పొడవునా మాటలు కూర్చుకున్నాను. "ఒక పొరపాటు జరిగింది" అని మొదలుపెడదామనుకున్నాను.

ఫిక్రీ దుకాణంలో ఒక్కడే ఉన్నాడు, ఆ మంచానికి ఇసుక కాగితం పడుతున్నాడు. ఆపలేదన్నమాట. నన్ను చూసి చేతులు తుడుచుకున్నాడు. "తనకేమైనా అయిందా అక్కా?" అదే మొదటి మాట.

చెప్పాను. ఫోటోల దగ్గర మొదలుపెట్టి ఎనిమిది రోజుల దాకా. ఒక్కటీ వదలకుండా చెప్పాననే అనుకుంటున్నాను. పాలన్నం సంగతి చెప్పలేదు.

చెక్కపొట్టు మీదే చతికిలబడ్డాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"అంటే... తను నన్ను వద్దనుకోలేదా?"

"లేదు."

"నేను మళ్ళీ ఆ బాధ పడకూడదనా?"

"అవును."

లేచి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు ఊగుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "నా చేతులకు వార్నిష్ వాసన అనుకున్నాను. అందుకే వద్దందనుకున్నాను. పది రోజులు నిమ్మకాయతో రుద్దానక్కా" అన్నాడు.

నా మీద కోపం గుర్తే రాలేదు అతనికి. నాకు టీ తెప్పించాడు. రైలుకు ఆలస్యమవుతుందని స్టేషను దాకా వచ్చాడు. నేను రైలెక్కి కూర్చున్నాక కిటికీ దగ్గర నిలబడి, "మేడ మీద గది..." అని మొదలుపెట్టి ఆపేశాడు. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, నేనేం చేశానో.

మార్చి 25

బహీగా నుస్రత్‌కు రాశాను. అయిదు చిత్తు ప్రతులు చింపాను. ఆ అయిదింటిలోనూ ఏదో ఒక చోట నేను పాపం అనిపించేలా రాశాను. అలవాటు. ఆరోది నాలుగు వాక్యాలు. నా చెల్లెలికి జబ్బు లేదు. ఫోటో కోసం రాశాను. మీ చెల్లెలి సంగతి చదివాక కూడా ఎనిమిది రోజులు నోరు మెదపలేదు. ఫోటో వెనక్కి పంపుతున్నాను.

తిరుగు కవరు పెట్టలేదు.

ఏప్రిల్ 15

కైరో నుంచి ఉత్తరం. ఈసారి నా పేర. బయూమీ బాబాయ్ నా చేతిలోనే పెట్టాడు.

"ఆ అమ్మాయి బతికే ఉందని చదివి సంతోషించాను. నిజంగా సంతోషించాను. ఇక నాకు రాయకు."

అదే చేతిరాత. కింద సంతకం లేదు.

ఏప్రిల్ 22

అచ్చు వేసినవి, అసలువి అని చూడకుండా ఆల్బం, నకళ్ళు అన్నీ వంటింటి పొయ్యిలో పెట్టాను. రేడియో ముసలాయన ఫోటో దగ్గర చెయ్యి ఆగింది. దాన్నీ పెట్టాను. ఉమ్మ్ షహాతా కింది నుంచి, "ఏం మాడ్చావ్ రౌహియా, షూ అడుగులా?" అని అరిచింది.

ఇన్సాఫ్ చూసింది. వచ్చి కిటికీ తెరిచింది.

ఏప్రిల్ 29, గురువారం. దమియట్టా

పెళ్ళి అయింది.

నేను రాకూడదనే అనుకున్నాను. "రాకపోతే జనం అడుగుతారు" అంది ఇన్సాఫ్. మార్చి 18 తర్వాత నాతో అన్న పొడుగాటి మాట అదే.

ఆడవాళ్ళ గదిలో ఒక మూల కూర్చున్నాను. ఫిక్రీ మేనత్త, పళ్ళు లేని పెద్దావిడ, అందరూ వినేలా అడిగింది: "ఏమ్మా పెళ్ళికూతురా, మార్చిలో ఉంగరం విసిరికొట్టావట! మావాడు తిండి మానేశాడు. మళ్ళీ పెట్టుకున్నావు. ఏంటీ సంగతి? ఎవడైనా మంచివాడు దొరికాడనుకున్నావా?"

అందరూ నవ్వారు. నేను నేల చూస్తున్నాను. చెబుతుందనుకున్నాను. చెప్పాలి కూడా.

"పోస్టులో పొరపాటు జరిగింది అత్తయ్యా" అంది ఇన్సాఫ్. "వేరే ఎవరికో రాయాల్సిన ఉత్తరం నాకొచ్చింది."

"ఈ పోస్టువాళ్ళు!" అంది మేనత్త.

ఆ తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "మా అక్క. అమ్మకు బాగోలేనప్పటినుంచీ నన్ను చూసుకుంది తనే" అంది. పెద్దావిడ నన్ను దగ్గరకు లాక్కుని రెండు బుగ్గలూ ముద్దు పెట్టుకుంది. నాకు లేచి పారిపోవాలనిపించింది.

స్టేషనుకు బయలుదేరుతుంటే ఇన్సాఫ్ గుమ్మం దాకా వచ్చింది. చాలాసేపు గౌను అంచు సర్దుకుంటూ నిలబడింది.

"ఉత్తరం రాయి" అంది.

తల ఊపాను.

"ఏం జరిగిందో అదే రాయి. ఏమీ జరగకపోతే ఏమీ జరగలేదని రాయి."

మే 2

ఇన్సాఫ్‌కు రాశాను. కోర్టులో ఫ్యాను పాడైంది. చిక్కుడుకాయలు వండాను, కొంచెం ఎక్కువయ్యాయి. ఉమ్మ్ షహాతా రోజూ పైకి వచ్చి కూర్చుని, నా మీద నాకే చాడీలు చెప్పి పోతోంది.

నువ్వు లేక ఇల్లు బోసిపోయిందని రాశాను. మళ్ళీ పాపం అనిపించుకోవడానికి రాస్తున్నానేమో అని కొట్టేశాను. చాలాసేపు ఆలోచించి మళ్ళీ రాశాను. అది నిజమే కాబట్టి.